ట్యాంకు పుట్టినిల్లు

హన్మకొండలో మా వాడకట్టుకు తెల్లవారేది ఒక కేకతో. "ట్యాంకు నిండింది, మోటర్ బంద్ చెయ్యుండ్రి!" డాబా మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు పొర్లి, గోడ వెంట నీళ్లు కారుతుంటాయి. కాసేపటికి పెట్రోలు బంకులో "ట్యాంకు ఫుల్ చెయ్యి" అంటాం. రాత్రి టీవీలో యుద్ధవార్తలు పెడితే అక్కడా ట్యాంకులే. ఊరి నడుమ భద్రకాళి చెరువు ఉందా, చెరువును కూడా నీటిపారుదల శాఖ కాగితాల్లో ట్యాంకు అనే రాస్తారు.

ఇది ఇంగ్లీషు మాట కదా అనుకుంటాం. ఇంగ్లీషువాళ్లకు మాత్రం ఇది మన దేశంలోనే దొరికింది. వాళ్లు వ్యాపారానికి దిగిన పడమటి తీరంలో గుజరాతీలు, మరాఠీలు నీళ్ల తొట్టిని టాంకుం, టాంకే అనేవారు. రాజస్థాన్‌లో వాననీళ్లు దాచుకునే నేలతొట్టి నేటికీ టాంకాయే. అదే తీరంలో అంతకుముందే పాతుకుపోయిన పోర్చుగీసుల భాషలో నీటిగుంట పేరు 'టాంకె'. ఈ రెండూ కలగలిసి ట్యాంకు అయింది. ఎవరి వాటా ఎంతన్నది 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు నాటి నుంచీ నలుగుతున్న చర్చే. మన 'తటాకం' కూడా ఈ చర్చలోకి వస్తుంది గానీ, పోలిక కనబడగానే చుట్టరికం కలిపేయకూడదు.

నన్ను ఆకట్టుకున్నది వేరే సంగతి. పోర్చుగీసు మాటకు మూలం 'పారేదాన్ని ఆపడం' అనే అర్థమున్న క్రియ. మరి మన చెరువు? పాత పుస్తకాల్లో 'చెఱువు' అని బండి ఱతో రాసేవారు. ఖైదు అనే అర్థమున్న 'చెఱ'కూ అదే ఱ. తమిళంలో 'సిఱై' అంటే చెరసాల, ఆనకట్ట కూడా. మలయాళంలో 'చిఱ' అంటే చెరువు. భాషావేత్తలు వీటన్నిటినీ ఒకే కుదురులో చేరుస్తారు. పారే నీటిని చెరబట్టింది చెరువు! వేల మైళ్ల దూరాన ఉన్న రెండు జాతులు నీటిని చూసి ఒకే ఊహ చేశాయి.

యుద్ధ ట్యాంకు కథ చిన్నదే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ గొలుసు చక్రాల ఉక్కుబండిని రహస్యంగా తయారుచేయించింది. అదేమిటని అడిగేవాళ్లకు నీళ్ల తొట్టి అని చెప్పడానికి 1915 డిసెంబరులో ట్యాంకు అని మారుపేరు పెట్టారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగంలో అది మొదటిసారి కదిలింది. మారుపేరే అసలు పేరై నిలిచింది. అమెరికాలో ఒకప్పుడు ఈతకొలనును కూడా ట్యాంకు అనేవారు కాబట్టి ఈతదుస్తులు ట్యాంక్ సూట్ అయ్యాయి, ఆ వరసలోనే చేతుల్లేని బనీను ట్యాంక్ టాప్ అయింది. 'థింక్ ట్యాంక్' మొదట్లో తలకాయకు వాడుక పేరు, తర్వాత మేధావుల సంస్థలకు చెల్లింది.

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ అచ్చంగా మన చెరువుకట్టే. అందులోని 'బండ్' పారసీక 'బంద్' నుంచి వచ్చింది. బంద్ అంటే కట్టడం, మూయడం. పొద్దున మోటర్ బంద్ చెయ్యమన్న కేకలో ఉన్నదీ అదే మాట. అంటే ఆ ఒక్క కేకలో ట్యాంకూ ఉంది, బండూ ఉంది.

అయితే చెరువును ట్యాంకు అంటే నాకు మనసొప్పదు. ట్యాంకుకు నాలుగు గోడలుంటాయి. పాలంపేటలో రామప్ప గుడి దగ్గరి చెరువుకట్ట మీద నిలబడి చూడండి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఆ గుడి కట్టించాడు, ఆ చెరువూ కాకతీయుల నాటిదే. గుట్టల నడుమ కట్ట వేశారు, మిగతా ఒడ్డును నేల వాలుకే వదిలేశారు. వాన పడితే నీళ్లు శిఖం భూమిలోకి, అంటే చెరువు లోపలి నేలలోకి పరుచుకుంటాయి, ఎండాకాలం వెనక్కి తగ్గుతాయి. తూము ఆయకట్టుకు నీళ్లిస్తుంది. గొలుసుకట్టు చెరువుల్లోనైతే మత్తడి (అలుగు) దూకిన నీళ్లు కింది ఊరి చెరువులోకి చేరతాయి. వచ్చే దారి, నిలిచే చోటు, పోయే దారి మూడూ కలిస్తేనే చెరువు.

ట్యాంకు లెక్కన చూస్తే నీళ్లు లేని శిఖం ఖాళీ జాగాలా కనబడుతుంది. అక్కడ ప్లాట్లు వేస్తారు, వాగును నాలాగా కుదిస్తారు. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ వరంగల్, హన్మకొండ కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ఆ నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చాయనే నేను నమ్ముతాను.

మా దిక్కు పల్లెల్లో మంచి వానాకాలంలో ఇప్పటికీ ఒక కబురు పొలం నుంచి పొలానికి పోతుంది. "మత్తడి దుంకుతాంది!" వినగానే పిల్లాజెల్లా చెరువుకాడికి ఉరుకుతారు. ఆడవాళ్లు పసుపు కుంకుమలు పట్టుకొని కట్ట మైసమ్మ దగ్గరికి బయల్దేరుతారు.