ఇంటి ఆక్వేరియంలో వంక చేప: పశ్చిమ కర్నూలు ప్రాంతంలో ‘గర్రా’ పెంపకం

వ్యాససంగ్రహం:
రాళ్ళ మీది పాచిని గీరి తినే గర్రా ముల్యా కృష్ణా పరీవాహక ప్రాంతపు చేప. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల వేసవి వేడిమిని, నీటి కాఠిన్యాన్ని దృష్టిలో ఉంచుకొని దీని పెంపకానికి అవసరమైన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గర్రా ముల్యా, పాచి, ప్రాణవాయువు, నీటి కాఠిన్యం, తుంగభద్ర.

1. ఉపోద్ఘాతం:
అద్దాలకు పట్టిన పాచిని తింటుందని దుకాణాల్లో అమ్మే ‘సక్కర్ చేప’ దక్షిణ అమెరికాకు చెందినది. పెరిగి పెద్దదైన తరువాత దానిని చెరువుల్లో, కాలువల్లో వదిలివేయడం వల్ల మన దేశంలోని అనేక జలాశయాల్లో అది స్థిరపడింది. దాని గట్టి ముళ్ళు వలలను చింపుతాయి. పాచి తినే చేప కోసం అంత దూరం పోనక్కరలేదు. 1839లో సైక్స్ దక్కను చేపలలో ఒకటిగా వర్ణించిన గర్రా ముల్యా తుంగభద్రతో కూడిన కృష్ణా నదీవ్యవస్థకు చెందినదే. అయితే స్థానిక చేప అయినంత మాత్రాన అది స్థానికంగా దొరికే ప్రతి నీటిలోనూ బతకదు. ఈ భేదాన్ని గుర్తించడమే దీని పెంపకంలో ప్రధానాంశం.

2. శరీర నిర్మాణం:
బొచ్చె, మోసు చేపలు చేరిన సైప్రినిడే కుటుంబంలోనిదే గర్రా. ఈ ప్రజాతిని 1822లో హామిల్టన్ ప్రతిపాదించగా, భారతీయ గర్రాలను సుందర్‌లాల్ హోరా 1921లో సమగ్రంగా సమీక్షించారు. కింది పెదవి వెనుక ఉండే బిళ్ళవంటి అవయవం, పక్కలకు పరచుకొన్న రెక్కలు ప్రవాహంలో రాతిని పట్టి నిలవడానికి తోడ్పడతాయి. పొడవైన, చుట్టలు తిరిగిన పేగు పాచిని జీర్ణం చేసుకోవడానికి అనువైనది. తడి గోడల మీద పాకగలదు కాబట్టి తొట్టికి మూత తప్పనిసరి.

3. వేడిమి – ప్రాణవాయువు:
సముద్రమట్టం వద్ద 20 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది 7.6కు, 35 డిగ్రీల వద్ద 7కు పడిపోతుంది. అదే సమయంలో చేప శరీరానికి ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఆదోనిలో గర్రాకు ఇదే తొలి గండం. కరెంటు పోయి మోటారు ఆగితే ప్రమాదం మరింత త్వరగా ముంచుకొస్తుంది. కనుక బ్యాటరీతో నడిచే గాలి పంపు అత్యవసరం. తొట్టి పొడవు కనీసం 120 సెంటీమీటర్లు ఉండి, నీరు ఒక చివర నుండి మరొక చివరకు వేగంగా పారాలి.

4. నీరు – రాయి:
ఈ ప్రాంతపు పొడి గాలిలో నీటి ఉపరితలం మీదికి ఫ్యాను తిప్పితే నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది. కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే. లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన మేరకు గట్టి బోరు నీటినే పోస్తుంటే కాఠిన్యం వారం వారం పెరుగుతుంది. అందువల్ల తగ్గిన నీటిని వాననీటితోగాని ఆర్.ఓ. నీటితోగాని భర్తీ చేసి, వారానికొకసారి నాలుగోవంతు నీటిని మార్చాలి. కుళాయి నీరైతే ముందుగా క్లోరిన్‌ను తొలగించాలి. నీటి క్షారగుణం, వేడిమి పెరిగినకొద్దీ చేప విసర్జించే అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది.

రాళ్ళ ఎంపికలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆదోని కొండల గ్రానైటు నీటి గుణాన్ని దాదాపుగా మార్చదు. నంద్యాల జిల్లా బేతంచెర్ల నాపరాయి సున్నపురాయి కావడంతో నెమ్మదిగా కరిగి కాఠిన్యాన్ని పెంచుతుంది. రాతిపై ఆమ్లపు చుక్క వేస్తే నురగ రావడం సున్నపురాయికి గుర్తు.

5. ఆహారం:
కొత్త తొట్టిలో పాచి ఉండదు. చేపను తేవడానికి కొన్ని వారాల ముందే గులకరాళ్ళను నీటిలో వెలుతురు తగిలేలా ఉంచి పాచి పట్టనివ్వాలి. తొట్టిలోని రాళ్ళను, బయట పాచి పట్టిన రాళ్ళను వంతులవారీగా మార్చుతుండాలి. ఉడికించిన పాలకూర, దోసకాయ ముక్కలు అనుబంధాహారం మాత్రమే. గర్రాను తొట్టిని శుభ్రపరిచే సాధనంగా భావించి ఆహారం పెట్టకపోతే అది క్రమంగా చిక్కిపోతుంది.

6. ముగింపు:
గర్రా పెంపకమంటే పారే నీటిని, చల్లదనాన్ని, పాచి పట్టిన రాయిని ఒకేచోట నిలిపి ఉంచడం. ఏప్రిల్, మే నెలల్లో ఈ మూడింటినీ సమకూర్చగలమన్న నమ్మకం కుదిరిన తరువాతే చేపను తేవాలి. తొట్టిలో పెరిగిన చేపను తిరిగి నదిలో వదిలితే దాని వ్యాధులు సహజ జీవులకు సోకవచ్చు. కాబట్టి స్థానిక చేప విషయంలోనూ ఈ పద్ధతి తగదు.