యూనిట్ 4: సూర్యుని సమీప నక్షత్రాలు – దూరాలను కొలిచే విధానం

4.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు
– నక్షత్ర ప్రకాశాన్ని బట్టి దాని దూరాన్ని ఎందుకు చెప్పలేమో వివరించగలుగుతారు.
– దృష్టి విక్షేప పద్ధతిని వివరించి, పార్సెక్‌ను నిర్వచించగలుగుతారు.
– విక్షేప కోణం ఇచ్చినప్పుడు నక్షత్ర దూరాన్ని లెక్కించగలుగుతారు.
– సూర్యునికి దగ్గరగా ఉన్న ముఖ్య నక్షత్రాలను పేర్కొనగలుగుతారు.

4.1 పరిచయం

జూన్ మొదటి పక్షంలో, మబ్బు లేని రోజున, రాత్రి తొమ్మిదిన్నర, పది గంటల ప్రాంతంలో మేడ మీదికి వెళ్లి దక్షిణ దిక్కుగా చూడండి. హైదరాబాదు నుంచి చూసేవారికి దిగ్మండలానికి సుమారు 12 డిగ్రీల ఎత్తులో రెండు ప్రకాశవంతమైన నక్షత్రాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఎడమవైపు ఉన్నది ఆల్ఫా సెంటారీ, కుడివైపు ఉన్నది బీటా సెంటారీ. చూసేవారికి ఇవి ఇరుగుపొరుగు అనిపిస్తాయి. నిజానికి మొదటిది మనకు నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉంది. రెండవది సుమారు 390 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే దాదాపు తొంభై రెట్లు ఎక్కువ.

కంటికి ఒకేచోట ఉన్నట్లు కనిపించే వాటి మధ్య ఇంత తేడా ఉందని మనకు ఎలా తెలిసింది? అక్కడికి ఎవరూ వెళ్లలేదు, టేపు పట్టి కొలవలేదు. ఈ ప్రశ్నకు సమాధానమే ఈ యూనిట్. ఒకప్పుడు ఇది కేవలం దూరాల ప్రశ్న కాదు. భూమి కదులుతున్నదా, లేదా అన్న వివాదం కూడా దీనిపైనే ఆధారపడింది.

4.2 ప్రకాశం దూరానికి కొలమానం కాదు

దగ్గరి దీపం కాంతివంతంగా, దూరపు దీపం మసకగా కనబడుతుందన్నది మన అనుభవం. అయితే దీపాలన్నీ ఒకే శక్తి కలవైనప్పుడే ఈ అనుభవం పనికివస్తుంది. నక్షత్రాల విషయంలో అది నిజం కాదు. రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్. రెండవది అగస్త్య నక్షత్రం. సిరియస్ దూరం 8.6 కాంతి సంవత్సరాలు, అగస్త్యునిది సుమారు 310. అంత దూరంలో ఉండి కూడా అది రెండవ స్థానంలో ఉన్నదంటే, అది స్వతహాగా సిరియస్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాంతిని వెదజల్లుతున్నదని అర్థం. కాబట్టి ప్రకాశంతో సంబంధం లేని, కేవలం జ్యామితిపై ఆధారపడిన పద్ధతి కావాలి.

4.3 దృష్టి విక్షేపం

చేతిని చాచి బొటనవేలిని నిలబెట్టండి. ఒకసారి ఎడమ కన్ను, మరొకసారి కుడి కన్ను మూసి చూడండి. వెనుక ఉన్న గోడ మీద వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. వేలిని ముఖానికి దగ్గరగా తెస్తే ఈ జరుగుబాటు పెరుగుతుంది. పరిశీలకుని స్థానం మారడం వల్ల వస్తువు దిశలో కనిపించే ఈ మార్పునే దృష్టి విక్షేపం లేదా పారలాక్స్ అంటారు. రెండు పరిశీలన స్థానాల మధ్య దూరాన్ని ఆధార రేఖ అంటారు.

నక్షత్రాలకు మన రెండు కళ్ల మధ్య దూరం చాలదు, భూమి వ్యాసమూ చాలదు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంది కనుక ఆరు నెలల తేడాతో రెండు పరిశీలనలు చేస్తే ఆధార రేఖ భూకక్ష్య వ్యాసం అవుతుంది. అంటే దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు. ఇందులో సగం, అంటే భూమికి, సూర్యునికి మధ్య ఉన్న సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లు. దీనిని ఒక ఖగోళ ప్రమాణం అంటారు.

ఆరు నెలల్లో సమీప నక్షత్రం, వెనుక ఉన్న సుదూర నక్షత్రాలతో పోల్చినప్పుడు, కొద్దిగా జరిగినట్లు కనిపిస్తుంది. ఈ మొత్తం జరుగుబాటులో సగాన్ని విక్షేప కోణం p గా తీసుకుంటాం. సగమే ఎందుకు? మనం గీసే లంబకోణ త్రిభుజంలో ఒక భుజం భూకక్ష్య వ్యాసార్ధం, మరొక భుజం నక్షత్ర దూరం d కనుక. p చాలా చిన్నది కాబట్టి, దానిని రేడియన్లలో తీసుకుంటే d = 1/p ఖగోళ ప్రమాణాలు అవుతుంది. ఒక రేడియన్‌లో 2,06,265 సెకన్ల కోణం ఉంటుంది. అందువల్ల p సెకన్లలో ఉంటే

d = 2,06,265 / p ఖగోళ ప్రమాణాలు

విక్షేప కోణం సరిగ్గా ఒక సెకను ఉండే దూరాన్ని ఒక పార్సెక్ అంటారు. అది 2,06,265 ఖగోళ ప్రమాణాలకు, లేదా 3.26 కాంతి సంవత్సరాలకు సమానం. అప్పుడు సూత్రం మరింత సులభం:

d = 1 / p పార్సెక్‌లు

గమనిక: కాంతి సంవత్సరం కాలాన్ని తెలిపేది కాదు, దూరాన్ని తెలిపేది. కాంతి ఒక సంవత్సరంలో ప్రయాణించే దూరం సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. జవాబు పత్రాలలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. అలాగే d, p విలోమానుపాతంలో ఉంటాయని గుర్తుంచుకోండి. కోణం తగ్గే కొద్దీ దూరం పెరుగుతుంది.

ఉదాహరణ: ప్రాక్సిమా సెంటారీ విక్షేప కోణం 0.768 సెకను. దాని దూరం ఎంత?
d = 1 / 0.768 = 1.302 పార్సెక్‌లు
1.302 × 3.26 = 4.24 కాంతి సంవత్సరాలు

4.4 కనిపించని కోణం కోసం అన్వేషణ

సూర్యుని చుట్టూ భూమి తిరుగుతుందని 1543లో కోపర్నికస్ ప్రతిపాదించాడు. అది నిజమైతే నక్షత్రాలలో విక్షేపం కనిపించాలి. టెలిస్కోపు రాక ముందటి పరిశీలకులలో అత్యంత నిశితుడైన టైకో బ్రాహి వెదికాడు, కనిపించలేదు. భూమి కదలడం లేదనడానికి దీనిని అతడు ఒక బలమైన వాదంగా చూపాడు. అతడి తర్కంలో లోపం లేదు. నక్షత్రాలు అంత దూరంలో ఉండటం అసంభవమన్న అతడి నమ్మకమే తప్పు. అతడి పరికరాలు సుమారు ఒక నిమిషం కోణం వరకు కొలవగలిగేవి. అన్నిటికంటే దగ్గరి నక్షత్రపు విక్షేపం ఒక సెకను కూడా లేదు. నిమిషంలో అరవయ్యో వంతు సెకను!

విక్షేపం కోసం వెదుకుతూ ఇంగ్లండులో జేమ్స్ బ్రాడ్లీ 1728 నాటికి మరొక విషయం కనుగొన్నాడు. ఏడాది పొడవునా నక్షత్రాలు 20 సెకన్ల మేర అటూ ఇటూ ఊగుతున్నాయి. కానీ ఇది విక్షేపం కాదు. భూమి వేగం వల్ల కాంతి వచ్చే దిశ మారినట్లు కనిపించే కాంతి విపథనం. వానలో పరుగెత్తేవాడు గొడుగును ముందుకు వంచినట్లే ఇదీ. భూమి కదులుతున్నదనడానికి ఇది ప్రత్యక్ష నిదర్శనం. దూరాలు మాత్రం ఇంకా చేజిక్కలేదు.

చివరకు 1838లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బెస్సెల్, కోనిగ్స్‌బర్గ్ వేధశాలలో 61 సిగ్ని అనే నక్షత్రపు విక్షేపాన్ని నమ్మదగిన రీతిలో కొలిచి ప్రకటించాడు. అది మసక నక్షత్రం. అయినా దానినే ఎందుకు ఎంచుకున్నాడు? అది ఆకాశంలో ఏటా 5 సెకన్లకు పైగా జరుగుతుంది. నక్షత్రం స్వయంగా కదలడం వల్ల కలిగే ఈ మార్పును స్వీయ చలనం అంటారు. దగ్గరలో ఎగిరే పక్షి చప్పున దాటిపోయినట్లు, ఎక్కువ స్వీయ చలనం ఉన్నది దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. స్వీయ చలనం ఎప్పుడూ ఒకే దిశలో సాగుతుంది. విక్షేపం ఏడాదికొకసారి మొదటికి వస్తుంది. ఏడాదికి పైగా పరిశీలిస్తే ఈ రెండింటినీ విడదీయవచ్చు.

బెస్సెల్‌కు వచ్చిన విలువ 0.314 సెకను, అంటే 10.4 కాంతి సంవత్సరాలు. నేటి విలువ 0.286 సెకను, అంటే 11.4 కాంతి సంవత్సరాలు. ఈ కోణం ఎంత చిన్నదంటే, 2.5 సెం.మీ. వెడల్పున్న నాణేన్ని 18 కిలోమీటర్ల దూరం నుంచి చూసినట్లు.

ఇదే కాలంలో స్ట్రూవే అభిజిత్ నక్షత్రాన్ని కొలిచాడు. థామస్ హెండర్సన్ దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలలో 1832–33లోనే ఆల్ఫా సెంటారీని పరిశీలించాడు. కానీ తన ఫలితంపై నమ్మకం చాలక, బెస్సెల్ ప్రకటించిన తరువాత 1839లో వెల్లడించాడు. దగ్గరి నక్షత్రం అతడికే దొరికింది, మొదటివాడన్న పేరు మాత్రం బెస్సెల్‌కు దక్కింది.

4.5 మన ఇరుగుపొరుగు

ముఖ్యమైన సమీప నక్షత్రాల వివరాలు (విక్షేప కోణం సెకన్లలో, దూరం కాంతి సంవత్సరాలలో):

ప్రాక్సిమా సెంటారీ – 0.768 – 4.2
ఆల్ఫా సెంటారీ ఎ, బి – 0.75 – 4.3
బర్నార్డ్ నక్షత్రం – 0.547 – 6.0
వూల్ఫ్ 359 – 0.415 – 7.9
లలాండ్ 21185 – 0.393 – 8.3
సిరియస్ – 0.379 – 8.6

వీటిలో ఆల్ఫా సెంటారీ, సిరియస్ మాత్రమే కంటికి కనిపిస్తాయి. మిగిలినవన్నీ అరుణ మరుగుజ్జు నక్షత్రాలు. అంటే చిన్నవి, చల్లనివి, మసకవి. అన్నిటికంటే దగ్గరిదైన ప్రాక్సిమా 1915 వరకు ఎవరి దృష్టికీ రాలేదు. దానిని రాబర్ట్ ఇన్నెస్ జొహానెస్‌బర్గ్‌లో గుర్తించాడు. 2016లో దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతున్నట్లు తేలింది. నక్షత్రాలుగా మండలేని గోధుమ మరుగుజ్జుల జంట లూమన్ 16, 6.5 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నా 2013లో గాని బయటపడలేదు. 4.2లో చెప్పుకున్న విషయానికి ఇంతకంటే మంచి నిదర్శనం లేదు.

4.6 అంతరిక్షం నుంచి కొలతలు

భూవాతావరణం నక్షత్ర ప్రతిబింబాన్ని సుమారు ఒక సెకను మేర చెదరగొడుతుంది. అందువల్ల నేల మీది టెలిస్కోపులతో దూరపు నక్షత్రాలను ఖచ్చితంగా కొలవడం కష్టం. యూరోపియన్ అంతరిక్ష సంస్థ 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం లక్షకు పైగా నక్షత్రాల విక్షేపాలను సుమారు సెకనులో వెయ్యో వంతు ఖచ్చితత్వంతో కొలిచింది. 2013లో ప్రయోగించిన గయా వంద కోట్లకు పైగా నక్షత్రాలను కొలిచింది.

స్వీయ చలనాన్ని లెక్కించడానికి కొత్త కొలతలు మాత్రమే చాలవు, పాత స్థానాలు కూడా కావాలి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో హైదరాబాదులోని నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పథకంలో భాగంగా దక్షిణాకాశంలోని ఒక పట్టీని ఫొటో ఫలకాల మీద నమోదు చేసింది. అటువంటి వేధశాలల కొలతలను హిప్పార్కస్ ఫలితాలతో జతచేసి 2000లో టైకో-2 పట్టికలో లక్షలాది నక్షత్రాల స్వీయ చలనాలను లెక్కగట్టారు. బేగంపేటలో ఫలకాలను ఓపికగా కొలిచినవారి శ్రమ దశాబ్దాల తరువాత కూడా వృథా పోలేదు.

4.7 సారాంశం

ప్రకాశం దూరానికి కొలమానం కాదు. భూకక్ష్యను ఆధార రేఖగా తీసుకుని విక్షేప కోణం కొలిస్తే d = 1/p నుంచి దూరం పార్సెక్‌లలో వస్తుంది. ఇతర పద్ధతులతో కొలిచే మరింత సుదూర నక్షత్రాలకు, గెలాక్సీలకు కూడా ఈ కొలతే తొలి మెట్టు. ఇక్కడ జరిగే పొరపాటు పై మెట్లన్నిటికీ పాకుతుంది.

4.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అభిజిత్ నక్షత్రపు విక్షేప కోణం 0.130 సెకను. దాని దూరాన్ని పార్సెక్‌లలో, కాంతి సంవత్సరాలలో కనుక్కోండి.
2. టైకో బ్రాహికి విక్షేపం ఎందుకు కనిపించలేదు?
3. విక్షేపానికి, స్వీయ చలనానికి తేడా ఏమిటి?

జవాబులు: 1. 7.7 పార్సెక్‌లు, సుమారు 25 కాంతి సంవత్సరాలు. 2, 3 ప్రశ్నలకు 4.4 చూడండి.