పాట పాడి దేశాన్ని దక్కించుకున్నారు: ఎస్టోనియాలో మూడు రోజులు

విదేశీ ప్రయాణం అనగానే మనకి అమెరికా, లండను, సింగపూరు గుర్తొస్తాయి. ఎస్టోనియా పేరు చెప్పి మా నరసన్నపేట బజార్లో నలుగురిని అడిగితే నలుగురూ "అదెక్కడమ్మా?" అనే అంటారు. ఉత్తర ఐరోపాలో బాల్టిక్ సముద్రం ఒడ్డున, రష్యాని ఆనుకుని ఉంటుంది ఈ దేశం. దేశం మొత్తం జనాభా 14 లక్షల లోపే. 2011 లెక్కల్లో మన ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనాభాయే 27 లక్షలు. అంటే మన జిల్లాలో సగం మంది కలిసి సొంత భాషతో, సొంత బడులతో, సొంత పార్లమెంటుతో ఒక దేశాన్ని నడుపుకుంటున్నట్టు లెక్క!

మా అమ్మాయి, అల్లుడుగారు ఉద్యోగాల మీద పక్క దేశమైన ఫిన్లండులో, హెల్సింకి నగరంలో ఉంటున్నారు. 2023 వేసవిలో నేను వాళ్ల దగ్గర ఉన్నప్పుడు జూన్ 23, 24, 25 తేదీలు శుక్ర, శని, ఆదివారాలు వరసగా సెలవులొచ్చాయి. ఏడాదిలో అతి పొడవైన పగలు వచ్చే రోజులవి. అక్కడివాళ్లకి మన సంక్రాంతి అంత పండుగ. "ఓడెక్కితే రెండు గంటల్లో ఇంకో దేశం అత్తయ్యా, వెళ్లొద్దాం" అన్నారు అల్లుడుగారు. నాలుగేళ్ల మనవరాలితో కలిపి నలుగురం బయల్దేరాం.

ప్రయాణానికి ముందు

పిల్లల దగ్గరికి వెళ్లే తల్లులు ఎందరో ఉన్నారు కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. ఫిన్లండుకి ఇచ్చే షెంజెన్ వీసా ఎస్టోనియాకీ చెల్లుతుంది. మళ్లీ వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు మాత్రం వెంట ఉండాలి. రెండు దేశాల్లోనూ డబ్బు యూరోలే. ఎస్టోనియాకి యూరో 2011లో వచ్చింది. మన దేశం నుంచి వెళ్లేటప్పుడు నెయ్యి, కోవా, పాలపొడి, మాంసం లాంటివి తీసుకెళ్లనివ్వరు, కాబట్టి ఆశగా పెట్టెలో సర్దుకోవద్దు. జూన్ నెలైనా మనకి చలే. స్వెట్టరు, మడమ ఎత్తు లేని బూట్లు తప్పనిసరి. చీర మీద బూట్లేమిటని నేనూ మొదట సందేహించాను గానీ, అక్కడ ఎవరూ తిరిగి చూడరు.

దారి కోసం పులిహోర, చపాతీలు, బంగాళాదుంప వేపుడు కట్టుకున్నాం. ఓడ అంటే మన అపార్టుమెంటంత. కార్లు, బస్సులు కూడా దాని కడుపులోకి ఎక్కేస్తాయి. మధ్యలో దాటేది ఎనభై కిలోమీటర్ల సముద్రం. పులిహోర డబ్బా ఖాళీ అయ్యేసరికి టాలిన్ నగరం గోపురాలు కనిపించాయి.

వంటింట్లోకి తొంగిచూసే బురుజు

టాలిన్ ఎస్టోనియా రాజధాని. 1219లో డెన్మార్కు రాజు ఈ కొండ పట్టుకున్నాడు. ఆ తరువాత జర్మన్లు, స్వీడన్‌వాళ్లు, రష్యావాళ్లు ఒకరి తరువాత ఒకరు ఏలారు. పాత ఊరు చుట్టూ కోట గోడ ఇంకా చాలా వరకు నిలిచే ఉంది. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

ఊరి మధ్య చౌకులో ఒక మందుల షాపు చూశాం. 1422 నాటికే అది ఉన్నట్టు రాతపూర్వకమైన ఆధారం ఉందట. అంటే కృష్ణదేవరాయలు గద్దెనెక్కడానికి ఎనభై ఏళ్ల పైచిలుకు ముందన్నమాట. పండుగ రోజు కాబట్టి బయటినుంచే చూసి తృప్తిపడ్డాం. ఆ రోజుల్లో బాదంపప్పు, పంచదార నూరి చేసే మార్జిపాన్ అనే మిఠాయి కూడా మందుల షాపుల్లోనే అమ్మేవారట. మన పలాస జీడిపప్పుతో చేసుకునే కాజూ కట్లీకి అది అక్క వరసే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఒక బురుజు పేరు. 'కీక్ ఇన్ డె కోక్' అంటారు. అర్థం ఏమిటో తెలుసా? 'వంటింట్లోకి తొంగిచూడు' అని! 38 మీటర్ల ఎత్తున్న ఆ బురుజు ఎక్కిన సిపాయిలకి కింద ఇళ్లలో ఎవరేం వండుతున్నారో కనిపించేదట. ఎన్ని యుద్ధాలు చూసినా బురుజుకి పేరు మాత్రం వంటింటి వల్లే వచ్చింది చూశారా!

నల్ల రొట్టె, చల్ల పిండి

వంటింటి మాట వచ్చింది కాబట్టి అక్కడి తిండి సంగతి. వాళ్లకి అన్నం లాంటిది 'లైబ్' అనే నల్ల రొట్టె. రై అనే ధాన్యపు పిండిని పులియబెట్టి చేస్తారు. మనం పెరుగుకి తోడు దాచుకున్నట్టు, వాళ్ల పాత ఇళ్లలో ఒకసారి చేసిన పిండిలో కొంచెం తరువాతి రొట్టెకి దాచేవారు. ఎవరైనా తింటుండగా చూస్తే 'యాత్కు లైబా' అంటారు. 'నీ రొట్టెకి లోటు రాకూడదు' అని దీవెన. రొట్టె ముక్క కింద పడితే తీసి ముద్దు పెట్టుకోవడం పెద్దల నాటి ఆచారం. మెతుకు కింద పడితే కళ్లకద్దుకునే మనకి ఆ మాట వింటే మనసు నిండుతుంది.

ఇంకొకటి 'కామా'. రై, బార్లీ, ఓట్లు, బఠానీ వేయించి కలిపి విసిరిన పిండి అది. ఉడకబెట్టే పని లేదు. పుల్లటి మజ్జిగలో కలిపి తాగడమే. ఒక గుక్క తాగాను, మా అమ్మ చేసే చోడంబలి గుర్తొచ్చింది. మనకి రై దొరకదు కాబట్టి ఇంటికొచ్చాక నేను ఇలా చేస్తున్నాను. గోధుమలు, బార్లీ, ఓట్లు, ఎండు బఠానీ తలా ఒక గ్లాసు తీసుకుని, వేటికవి సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. బఠానీ మాత్రం బాగా కరకరలాడేలా వేగాలి, లేకపోతే పచ్చివాసన పోదు. చల్లారాక మెత్తగా మరపట్టించి, జల్లించి, డబ్బాలో పోసుకోండి. గ్లాసు చల్లకి రెండు చెంచాల పిండి, ఉప్పు గానీ బెల్లం గానీ వేసుకుంటే ఎండాకాలం ఉదయానికి కడుపు చల్లగా ఉంటుంది.

జూన్‌లో భోగిమంట

ఆ సాయంత్రం ఊరి చివర సముద్రపు ఒడ్డున ఉన్న ఆరుబయట మ్యూజియంకి వెళ్లాం. దేశం నలుమూలల నుంచి పాతకాలపు రైతుల ఇళ్లు, గాలిమరలు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. 1957లో మొదలైందట. కప్పులు గడ్డివి. లోపల పొయ్యి, కవ్వం, కొయ్య తొట్టెలు చూస్తుంటే పరాయి దేశంలో ఉన్నామనే అనిపించలేదు.

చీకటి పడ్డాక మంట వేస్తారు అనుకుంటే చీకటే పడదు! పదిన్నర దాటాక గానీ సూర్యుడు దిగలేదు. తెల్లవారుజాము నాలుక్కే మళ్లీ వచ్చేస్తాడు. మన అరసవల్లి స్వామి కిరణాల కోసం ఏడాదికి రెండుసార్లు తెల్లారగట్లే లేచి నిలబడతామే, ఇక్కడ ఆయన ఇంటికి వెళ్లమన్నా వెళ్లడు. చలికాలంలో మాత్రం పగలు ఆరు గంటలే. అందుకే ఈ వెలుగు మీద వాళ్లకి అంత మమకారం.

జనం గుంపుగా చేరి పెద్ద మంట వేశారు. అచ్చం మన భోగిమంట. పెద్దలూ పిల్లలూ చుట్టూ చేరి పాటలు పాడారు. ఆ రాత్రి జాతీయ జెండాని కిందికి దించరు. ఆ రాత్రే అడవిలో ఫెర్న్ మొక్క పువ్వు పూస్తుందని, దొరికినవాళ్లకి అదృష్టమని వయసు పిల్లలు వెతకడానికి వెళతారట. ఆ మొక్క పువ్వే పూయదు! మన మేడిపువ్వు సామెత లాంటిదే.

ఊళ్లో ఉయ్యాల

రెండో రోజు కారు అద్దెకి తీసుకుని తూర్పుగా లాహెమా జాతీయ ఉద్యానవనానికి వెళ్లాం. 1971లో ఏర్పాటైంది. అప్పటి సోవియట్ యూనియన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనం అదే. ఎస్టోనియాలో సగం నేల అడవే. విరు అనే చోట చిత్తడి నేల మీద చెక్కల వంతెన వేశారు. దాని మీదే కిలోమీటర్ల కొద్దీ నడవచ్చు. కింద నాచు చచ్చి, దాని మీద కొత్త నాచు పెరిగి, ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున వేల ఏళ్లుగా పేరుకున్న నేల. మధ్యలో నల్లటి నీటి గుంటలు, వాటిలో ఆకాశం. ఓడోమాసు మరిచిపోకండి, దోమలు మన ఊరి వాటికి తీసిపోవు.

అక్కడినుంచి ఆల్ట్యా అనే చేపలు పట్టేవాళ్ల పల్లె. ఊరి మధ్య పెద్ద కొయ్య ఉయ్యాల! నలుగురైదుగురు కలిసి నిలబడి ఊగేది. వెనకటికి ఊరి ఆడపిల్లలు దాని మీద ఊగుతూ పాడుకునే పాటలు వేరే ఉన్నాయట. అట్లతద్దినాడు చింతచెట్టుకి కట్టిన ఉయ్యాల గుర్తొచ్చి, చీర కుచ్చిళ్లు బిగించి నేనూ ఎక్కాను. మనవరాలు చప్పట్లు కొట్టింది.

పాటల మైదానం

మూడో రోజు టాలిన్‌లోనే పాటల పండుగ మైదానం చూశాం. చిప్పలా వంగిన పెద్ద వేదిక, 1960లో కట్టారు. దాని ఎదుట పచ్చటి ఏటవాలు. వారం రోజుల్లో, జూన్ 30న మొదలయ్యే యువజన పాటల, నృత్యాల పండుగకి ఆ ఊరు సిద్ధమవుతోంది. ఆ దేశం కథంతా ఈ మైదానంలోనే ఉంది.

మొదటి పాటల పండుగ 1869లో తార్తు అనే ఊళ్లో జరిగింది. పాడినవాళ్లు అందరూ మగవాళ్లే. కానీ వాళ్లు పాడిన పాటల్లో లిడియా కోయిదులా రాసినవి ఉన్నాయి. అప్పటికి ఆవిడ వయసు 25. జర్మన్ మాట్లాడితేనే గొప్ప అనుకునే రోజుల్లో పల్లెటూరి ఎస్టోనియన్‌లో కవిత్వం రాసిన అమ్మాయి. 1888లో యాకోబ్ హుర్ట్ అనే మతగురువు, "మీ ఇంట్లో పెద్దలు పాడే పాటలు రాసి పంపండి" అని జనానికి విన్నపం చేస్తే వేల కొద్దీ పాటలు వచ్చిపడ్డాయి.

1918లో స్వతంత్రం వచ్చింది. 1940లో సోవియట్ సైన్యం వచ్చాక పోయింది. 1949 మార్చిలో కొన్ని రోజుల్లోనే 20 వేల మందికి పైగా రైళ్లెక్కించి సైబీరియా పంపేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. జాతీయ గీతం నిషేధం. అప్పుడు జనానికి ఆసరా అయింది కోయిదులా పాటే. 'నా మాతృభూమే నా ప్రేమ' అని అర్థం వచ్చే ఆ పాటకి 1944లో ఎర్నెసాక్స్ కొత్త బాణీ కట్టాడు. 1960 పండుగలో కార్యక్రమంలో లేకపోయినా వేల గొంతులు దాన్ని ఎత్తుకున్నాయి. ఎంతమందిని ఆపగలరు?

1988 సెప్టెంబరు 11న ఇదే మైదానంలో ఇంచుమించు మూడు లక్షల మంది చేరి పాడారు. 1989 ఆగస్టు 23న ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా ప్రజలు దాదాపు 20 లక్షల మంది ఒకరి చేయి ఒకరు పట్టుకుని 600 కిలోమీటర్ల పైన నిలబడ్డారు. మనకైతే సుమారుగా ఇచ్ఛాపురం నుంచి విజయవాడ దాకా అనుకోండి. 1991 ఆగస్టు 20న స్వతంత్రం తిరిగి వచ్చింది. ఆ తరువాత సొంత నాణెం వచ్చినప్పుడు వంద క్రోన్ల నోటు మీద కోయిదులా బొమ్మ వేసుకున్నారు.

మరి మన మాట?

ఎస్టోనియన్ భాషలో విభక్తులు 14. మనకి ఎనిమిదే. మాట్లాడేవాళ్లు వాళ్లు పది పన్నెండు లక్షలు, మనం 2011 లెక్కల్లో దేశంలోనే ఎనిమిది కోట్లు. అయినా అక్కడ పసిపిల్లల బడి నుంచి యూనివర్సిటీ దాకా వాళ్ల భాష ఉంది. 2025 జూలైలో జరిగిన పాటల పండుగనైతే ఊరి ఊరి యాసల పేరు మీదే జరుపుకున్నారు.

ఆ మాట తెలిసినప్పుడు నాకు మా అమ్మాయి గుర్తొచ్చింది. పదేళ్ల పైమాట, వేరే ఊళ్లో హాస్టల్లో చేరిన కొత్తలో 'ఏటి' అన్నందుకు, 'అప్పా' అని పిలిచినందుకు తోటి పిల్లలు నవ్వారట. మొదటి సెలవులకి ఇంటికొచ్చేసరికి 'ఏంటి' నేర్చుకుని వచ్చింది. అప్పట్నుంచి నాతో ఫోనులో తప్ప మన యాస మాట్లాడింది లేదు. ఆ రోజు పాటల మైదానంలో మనవరాలు నా కొంగు లాగి, "అమ్మమ్మా, ఇదేటి?" అంది. నెల రోజులు నా దగ్గర పడుకున్న ఫలితం. మా అమ్మాయి దిద్దబోయి ఆగింది. "పాటలు పాడీసే జాగే అమ్మీ" అంది నవ్వుతూ.

వాడుకభాషే భాష అని లోకానికి చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మన వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కానీ ఆయన ఊరి యాసనే మనం సినిమాల్లో నవ్వులాటకి వదిలేశాం.

దేశాలు తిరగడం అందరికీ కుదరకపోవచ్చు. ఒక నోటుబుక్కు, ఒక పెన్నూ అందరికీ కుదురుతాయి. మీ అత్తగారికి, అమ్మమ్మకి వచ్చిన దంపుళ్ల పాటలు, లాలిపాటలు, ఉయ్యాల పాటలు, చిన్నప్పుడు విన్న జముకుల కథలోని ముక్కలు వాళ్లు ఎలా పలికితే అలాగే రాసి పెట్టండి. 'సెప్పు' అంటే 'సెప్పు' అనే రాయండి, దిద్దకండి. మధ్యాహ్నం పని తెమిలాక రోజుకి ఒక పాట చాలు. పరదేశంలో పుట్టిన మనవలకి నగలూ పచ్చళ్లూ పంపుతున్నాం కదా, ఈ పుస్తకం కూడా ఆ పెట్టెలోనే పెట్టండి. బరువు ఎంతో ఉండదు.