కొండ బాటకు బోర్డు లేదు

రాజవొమ్మంగి:
తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరాం. ఈ విలేకరికి తోడు కొండదొర పెద్దాయన ఒకరు. ఆయన భుజాన కత్తి, చేతిలో చోడి అంబలి నింపిన ఆనపబుర్ర. కొండెక్కి పైనున్న ఊరు చూసి, చీకటి పడేలోగా దిగిరావాలన్నది అనుకున్న మాట.

"ఎంత దూరం తాతా?" అని అడిగితే, "ఎండ నెత్తికెక్కేసరికి చేరిపోతాం బాబూ" అన్నాడు. కిలోమీటర్ల లెక్క ఆయనకు అక్కరలేదు. కొండమీద దూరాన్ని పొద్దుతోనే కొలుస్తారు.

జీడిమామిడి తోటలు దాటగానే బాట సన్నబడింది. గెడ్డ దాటాక అసలు కనిపించనే లేదు. ముళ్లపొదలు రెండువైపుల నుంచీ కమ్మేశాయి. తాత కత్తి దూసి కొమ్మలు నరుకుతూ ముందు నడిచాడు. "మా చిన్నప్పుడు ఇద్దరు పక్కపక్కన నడిచేవోళ్లం. ఇప్పుడు కుర్రోళ్లు మోటారుసైకిళ్ల మీద చుట్టు తిరిగి పోతున్నారు. నడిచేవోడు లేకపోతే బాట ఉంటదా?" అన్నాడు.

మరి వానాకాలం మాటేమిటి? చుట్టుదారి మట్టిరోడ్డు బురదయిపోతుంది. మోటారుసైకిలు దిగబడుతుంది. నిండుచూలాలికి నొప్పులు మొదలైతే డోలీ కట్టి దించాల్సింది ఈ బాటనే. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎవరికీ పట్టని బాట మిగతా నాలుగు నెలలూ ప్రాణాధారం.

పొద్దు నడినెత్తికి రాకముందే పైకి చేరాం. అక్కడ నిలబడితే అలసట మరిచిపోవలసిందే. ఉత్తరాన గూడెం, చింతపల్లి దిక్కుగా వరుస వెనుక వరుస కొండలు. దగ్గరివి పచ్చగా, వాటి వెనుకవి నీలంగా, చివరివి మబ్బులో కలిసిపోయి ఉన్నాయి. దక్షిణాన ఏలేశ్వరం దిక్కున కొండలు తగ్గుతూ మైదానంలోకి దిగుతున్నాయి.

ఇలాంటి దృశ్యం కోసమే లోకంలోని జనం ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలకు వెళతారు. అక్కడి మాంట్ బ్లాంక్ శిఖరం 4,800 మీటర్ల పైచిలుకు. పాడేరు ప్రాంతంలోని మన ఆర్మకొండ సుమారు 1,680 మీటర్లే. కానీ వయసులో మన కొండలే పెద్దలు. ఆల్ప్స్ కొన్ని కోట్ల ఏళ్ల కిందట లేచినవి. తూర్పు కనుమల రాళ్లలో చాలా భాగం వంద కోట్ల ఏళ్ల నాటి మాట. ఇక్కడి ఒక రాతి రకానికి శాస్త్రజ్ఞులు పెట్టిన ఖొండలైట్ అనే పేరు కూడా ఖోండు గిరిజనుల పేరు నుంచి వచ్చిందే.

ఆల్ప్స్‌లో మనం నేర్చుకోవలసింది ఎత్తు గురించి కాదు, బాట గురించి. స్విట్జర్లాండులో సుమారు 65,000 కిలోమీటర్ల కాలిబాటలున్నాయి. దారి చీలే చోట పసుపు బోర్డు ఉంటుంది. దానిమీద ఫలానా చోటికి ఎన్ని గంటల నడకో రాస్తారు. మన తాత లెక్కే అది! 1979లో అక్కడి ప్రజలు ఓటు వేసి కాలిబాటల మాటను తమ రాజ్యాంగంలో చేర్చుకున్నారు. 1987లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం ఒక బాట పోతే దాని బదులు మరో బాట చూపాలి.

మన బాటలకు గొప్పతనం లేదా? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాలు అల్లూరి సీతారామరాజు దళానికి చిక్కాయి. 26 తుపాకులు వారి చేతికొచ్చాయి. ఇక్కడి ఠాణాలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించుకుపోయారు. దళానికి బలం ఇలాంటి కొండబాటలే. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనులను పెట్టి, కూలి సరిగా ఇవ్వకపోవడం ఆ పితూరీకి ఒక కారణం. రోడ్డు కోసం చెమటోడ్చిన కొండవాడికి ఇవాళ బాట కూడా దక్కకపోతే ఎలా?

దారి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం రోడ్లతో సహా 13 రకాల ప్రభుత్వ సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వవచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపే ఉండాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గ్రామసభ సిఫారసు చేయాలి. అంటే మొదటి సంతకం ఊరివాళ్లదే. రోడ్డు వచ్చేలోగా ఉన్న బాటలోని ముళ్లు తీయించి, చీలిక దగ్గర ఒక చెక్కబోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కొండలు చూడవచ్చే పట్నంవాళ్లకు మన కుర్రవాళ్లు తోడు వెళితే కూలి కూడా గిట్టుతుంది. అయితే సీసాలూ ప్లాస్టిక్ సంచులూ కొండమీద వదలనివ్వకూడదు. అది కూడా గ్రామసభ పెట్టుకోవలసిన కట్టుబాటే.

దిగేటప్పుడు పొద్దు వాలింది. తాత మాత్రం తొందరపడలేదు. పొద్దున్న వదిలేసిన కొమ్మలను ఆగి ఆగి నరుకుతూనే ఉన్నాడు. "ఇక చాలు తాతా, చీకటి పడుతోంది" అంటే, "మనకి కాదు బాబూ. డోలీ మోసేవోడికి చేతులు ఖాళీ ఉండవు కదా" అన్నాడు.

ఒక్క ముసలాయన కత్తి ఎంతవరకు నరుకుతుంది? వచ్చే గ్రామసభలో ఈ బాట ఊసు ఎత్తేదెవరు?