గాజుతొట్టిలో సొరచేప

మీ జామెట్రీ బాక్సులో 15 సెంటీమీటర్ల స్కేలు ఉంటుంది గదా, దాన్ని ఒకసారి బయటికి తీసి చూడండి. ఇప్పుడు మనం చెప్పుకోబోయే సొరచేప గుడ్డులోంచి బయటపడిన రోజున ఇంచుమించు అంత పొడవుంటుంది. సొరచేప అనగానే సినిమాల్లో చూసిన రంపం పళ్ళ రాక్షసే మీ కళ్ళ ముందు మెదులుతుంది కాబోలు! కాని సొరల్లో అయిదు వందలకు పైగా జాతులున్నాయి. మనుషుల జోలికి వచ్చేవి వాటిలో ఏ కొన్నో. తక్కినవి తమ పని తాము చూసుకునే బుద్ధిమంతులే.

మన సొర పేరు చారల వెదురు సొర. ఇంగ్లీషువాళ్ళు బాంబూ షార్క్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కిలోసిలియం పంక్టేటం. పిల్లగా ఉన్నప్పుడు తెల్లటి ఒంటి మీద నల్లటి పట్టీలు, వెదురుబొంగు మీద కణుపుల్లా, వరసగా కనిపిస్తాయి. పెద్దదయ్యేకొద్దీ అవి వెలిసిపోయి, ఒళ్ళంతా గోధుమరంగుకి తిరుగుతుంది. మన దేశపు తూర్పుతీరం మొదలు ఇండోనేషియా, ఉత్తర ఆస్ట్రేలియా, అటు జపాను దాకా లోతు తక్కువ నీళ్ళలో, పగడపు దిబ్బల సందుల్లో కాపురముంటుంది. అమెరికా, యూరపు దేశాల్లో సరదాపడ్డవాళ్ళు దీన్ని ఇంట్లోనే ఉప్పునీటి అక్వేరియంలో పెంచుతున్నారు. అక్కడి దుకాణాల్లో గుడ్డే అమ్ముతారు. దాన్ని తొట్టిలో వేలాడదీసుకుంటే పిల్ల ఇంట్లోనే పుడుతుంది!

మరి మనం కూడా పెంచుదామా? తొందరపడకండి. ముందు దాని సంగతులు కొన్ని తెలుసుకుందాం.

అన్ని సొరలూ గాజుతొట్టిలో బతకవు. మాకో, తెల్లసొర వంటివి ఎప్పుడూ ముందుకు ఈదుతూనే ఉండాలి. అలా ఈదుతున్నప్పుడు నోట్లోకి దూసుకొచ్చే నీరే మొప్పల మీదుగా పోయి వాటికి ఆక్సిజను అందిస్తుంది. ఆగితే ఊపిరి ఆడదు. అటువంటిదాన్ని నాలుగు గోడల మధ్య పెడితే అడుగడుక్కీ గాజుకి ముక్కు కొట్టుకుంటుంది. వెదురు సొర అలా కాదు. అడుగున ఇసుక మీద పడుకుని, నోటితో నీటిని లోపలికి పీల్చి మొప్పల గుండా బయటికి తోస్తుంది. పగలంతా ఏ రాతి కిందో పడి నిద్రపోయి, చీకటి పడ్డాక తిండికి బయలుదేరుతుంది. అప్పుడు కూడా ఈదటం తక్కువే. ముందు వాజాల మీద ఆనుకుని నేల మీద పాకుతున్నట్టుగా పోతుంది. ఈ బద్ధకమే దాన్ని ఇంటి తొట్టికి పనికొచ్చేలా చేసింది.

ఇక తొట్టి సంగతి. స్కేలంత పిల్ల కొన్నేళ్ళలోనే మీటరు పొడవు పెరుగుతుంది. పది పదిహేనేళ్ళు బతుకుతుంది. కనక తొట్టి కట్టవలసింది ఇవాళ్టి పిల్లకి కాదు, రేపటి పెద్దచేపకి. మీటరు పొడవున్న చేప ఒళ్ళు వంచి హాయిగా వెనక్కి తిరగాలంటే తొట్టి వెడల్పే మీటరు దాటాలి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు పెట్టుకుందాం. వడ్రంగి దగ్గర నిలువెత్తు ప్లైవుడ్ షీటు చూశారే, సరిగ్గా అంత. మీ ఇంటి ముందుగదిలో సుద్దముక్కతో ఆ కొలతకి గీతలు గీసి చూడండి. మంచమెక్కడ వేయాలా అని అమ్మ అడుగుతుంది!

నీరు రెండడుగుల లోతుంటే చాలు, ఇది నేల మీది చేపే గదా. మీటర్లలోకి మార్చి లెక్క వేద్దాం. 2.4 × 1.2 × 0.6 అంటే 1.728 ఘనపు మీటర్లు. అంటే 1,728 లీటర్లు. సముద్రపు నీరు మంచినీటికన్నా కొంచెం బరువు కనక ఆ నీరొక్కటే 1,770 కిలోలు తూగుతుంది. ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్ కార్లు ఒకటిన్నర తెచ్చి గదిలో నిలబెట్టినంత బరువు. గాజు బరువు, రాళ్ళ బరువు ఇందులో కలపలేదు.

తొట్టిలో పోసేది సముద్రపు నీరు కావాలి. వంటింటి ఉప్పు కలిపితే అది సముద్రం కాదు. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా లవణాలుంటాయి. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్లు అన్నీ తగుపాళ్ళలో ఉంటాయి. ఆ పాళ్ళలో తయారుచేసిన ఉప్పు దుకాణాల్లో దొరుకుతుంది. మన తొట్టికి తొలివిడతలో కావలసింది 60 కిలోలు. వారానికి పదోవంతు నీరు మారుస్తామనుకుంటే వారం వారం మరో 6 కిలోలు, ఏడాదికి 300 కిలోల పైమాటే. చేప ఖరీదు కంటే ఉప్పు ఖరీదే ఎక్కువన్నమాట!

ఉప్పు తూకం తప్పితే సొరకి మామూలు చేపలకంటే ఎక్కువ చిక్కు. ఎందుకో చెబుతాను. సముద్రంలో చుట్టూ ఉన్న ఉప్పునీరు చేప ఒంట్లోని నీటిని బయటికి లాగేస్తుంటుంది. ద్రవాభిసరణం గురించి మీరు చదువుకునే ఉంటారు. మామూలు సముద్రపు చేపలు ఆ లోటు తీర్చుకోవటానికి నీళ్ళు తాగి, ఉప్పుని మొప్పల ద్వారా బయటికి పంపేస్తాయి. సొరలు మరో ఉపాయం పన్నాయి. మనం మూత్రంలో పారేసే యూరియాని అవి రక్తంలోనే దాచుకుంటాయి. మన రక్తంలో యూరియా లీటరుకు అర గ్రాము కూడా ఉండదు. సొర రక్తంలో 20 గ్రాముల దాకా ఉంటుంది! దానితో లోపలి ద్రవాల గాఢత బయటి నీటికి సరితూగుతుంది. చనిపోయిన సొరలో సూక్ష్మజీవులు ఈ యూరియానే అమ్మోనియాగా మారుస్తాయి. తాజాదనం పోయిన సొరమాంసం ఘాటుగా ముక్కులు పగిలేలా వాసన కొడుతుందని మన కోస్తా ఊళ్ళలో తెలియనివారుండరు. ఆ వాసన ఇదే. ఇంత నేర్పుగా తూకం వేసుకున్న ఒంటికి నీటిలో ఉప్పు ఒక్కసారిగా పెరిగినా తరిగినా కష్టమే.

అమ్మోనియా ప్రసక్తి వచ్చింది గనక తొట్టిలోని మరో పరివారాన్ని కూడా పరిచయం చేయాలి. సొర విసర్జించే యూరియా, మిగిలిపోయిన రొయ్యముక్కలు కుళ్ళి అమ్మోనియా తయారవుతుంది. అది చేపకి విషం. కొన్ని బాక్టీరియాలు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరికొన్ని బాక్టీరియాలు నైట్రైటుని నైట్రేటుగా మారుస్తాయి. ఇది అంత ప్రమాదం కాదు. ఈ సేవకులు మనం పిలవకుండానే వస్తారు. అయితే ఫిల్టరులోని రాళ్ళ మీద, స్పాంజి మీద కావలసినంతమంది కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ సొర లేకుండానే తొట్టిని నడపాలి. చాలా ఇళ్ళలో చేపలు చచ్చిపోయేది ఇక్కడే. నీరు అద్దంలా ఉంది గదా అని మర్నాడే చేపని వదిలేస్తారు. అమ్మోనియాకి రంగు లేదు మరి!

నైట్రేటు ప్రమాదం కాదన్నాను గాని, పేరుకుపోతే అదీ ఊరుకోదు. నైట్రేటు బాగా ఎక్కువైన నీటిలో ఉంచిన తెల్లచుక్కల వెదురు సొరలకి (ఇవి మన సొరకి దగ్గర చుట్టాలు) గొంతు దగ్గర వాపు వచ్చిందని అమెరికాలో పరిశోధకులు 2011లో ప్రకటించారు. అదేమిటో తెలుసా? గాయిటరు! అయొడిను చాలక మనుషులకు వచ్చే జబ్బే. నైట్రేటు అడ్డుపడి, నీటిలోని అయొడినుని థైరాయిడు గ్రంథికి చేరనివ్వదు. వారం వారం నీరు మార్చే అవస్థంతా ఇందుకే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కరెంటు పోయిందనుకోండి. పంపు ఆగుతుంది, నీటిలోకి కొత్తగా గాలి కలవటం తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీటిలో కరిగే ఆక్సిజను 7 మిల్లీగ్రాముల లోపే. 1,728 లీటర్లలో ఎంతవుతుంది? పట్టుమని 12 గ్రాములు కూడా లేదు. దానిలోంచే సొర ఊపిరి పీల్చాలి, బాక్టీరియాలూ పీల్చాలి. నీరు వేడెక్కేకొద్దీ ఆ 12 గ్రాములూ ఇంకా తగ్గుతాయి. మన ఎండాకాలంలో నీటిని 25, 26 డిగ్రీల దగ్గర నిలపాలంటే చల్లబరిచే యంత్రం తప్పదు. కనక ఇన్వర్టరో జనరేటరో లేని ఇంట్లో సొర మాట తలపెట్టకూడదనే నా అభిప్రాయం.

సొర పెంచేవాళ్ళు తొట్టిలో లోహపు సామాను పెట్టరు. తుప్పు ఒక కారణం. రెండోది ఇంకా తమాషా అయినది. సొర ముక్కు చుట్టూ చర్మం మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో జిగురులాంటి పదార్థం నిండి ఉంటుంది. ఇటలీకి చెందిన లోరెంజినీ 1678లోనే వీటిని వర్ణించాడు. కాని అవి ఎందుకున్నాయో దాదాపు మూడు శతాబ్దాలపాటు ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. 1971లో కాల్మిన్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు చక్కని ప్రయోగాలు ప్రకటించాడు. ఆయన ఒక బల్లపరుపు చేపను ఇసుకలో పాతిపెట్టి, చిన్న సొరను వదిలాడు. అది నేరుగా వచ్చి పట్టుకుంది. వాసన వల్లనా? ఈసారి చేపని అగర్ పెట్టెలో పెట్టి, వాసన అక్కడికి రాకుండా వేరే చోటికి మళ్ళించాడు. అయినా సొర చేప ఉన్న చోటికే వచ్చింది. అగర్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర కప్పాడు. అగర్ గుండా విద్యుత్తు పోతుంది, ప్లాస్టిక్ గుండా పోదు. ఈసారి సొర పట్టించుకోకుండా వెళ్ళిపోయింది! చివరికి చేపే లేకుండా, చేప ఒంటి నుంచి వచ్చేటంత విద్యుత్తుని రెండు ఎలక్ట్రోడులతో ఇసుకలో పుట్టించాడు. సొర వచ్చి ఆ ఇసుకను తవ్వింది.

సెంటీమీటరుకు ఒక వోల్టులో 20 కోట్లవంతు తేడాని కూడా కొన్ని సొరలు గుర్తిస్తాయి. అదెంతో ఊహకందదు గదూ? ఒక టార్చి సెల్లు 1.5 వోల్టులిస్తుంది. దాని రెండు కొసలనూ 3,000 కిలోమీటర్ల ఎడంగా, ఇంచుమించు కన్యాకుమారిలో ఒకటి, కాశ్మీరులో ఒకటి పెడితే మధ్యలో ఉండే తేడా అంత! ఇటువంటి ప్రాణి ఉన్న నీటిలో పంపు నుంచి, హీటరు నుంచి కాస్త కరెంటు కారినా దానికెంత చికాకో మీరే ఆలోచించండి. తెలుపుచుక్కల జబ్బుకి చేపలకి వేసే రాగి మందు కూడా సొరలున్న తొట్టిలో పనికిరాదు. రాగి వాటికి విషం.

తిండి విషయంలో పెద్ద పేచీ లేదు. రొయ్య, స్క్విడ్, చేపముక్క వారానికి మూడు నాలుగుసార్లు పెడితే సరి. తోడుగా పీతల్నీ చిన్న చేపల్నీ వదిలితే తెల్లారేసరికి అవి ఉండవు. తొట్టికి బరువైన మూత ఉండాలి. అడుగున గరుకురాళ్ళు కాకుండా మెత్తటి ఇసుక పోయాలి, లేకపోతే దాని పొట్ట గీసుకుపోతుంది.

సొరని ముందు కొనేసి తరవాత తొట్టి పెద్దది చేద్దాంలే అనుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు తరవాత చేసే పని నాకు బొత్తిగా నచ్చదు. చేప పెరిగిపోయాక ఏ అక్వేరియంవాళ్ళో తీసుకోకపోతారా అని బయలుదేరతారు. వాళ్ళ తొట్లు అప్పటికే నిండి ఉంటాయి. చివరికి సముద్రంలో వదిలేస్తారు. తొట్టిలోని రోగాలు దానితోబాటే సముద్రంలోకి పోతాయి. ఇండోనేషియాలోని రాజా అంపట్ దీవుల్లో 2023 జనవరిలో పెంపుడు జీబ్రా సొరల్ని సముద్రంలో వదలటం మొదలుపెట్టారు, నిజమే. కాని దానికి ముందు ఆ గుడ్లు పెట్టిన తల్లుల వంశం ఆ సముద్రపు సొరలతో కలుస్తుందో లేదో పరీక్షించారు. పిల్లల్ని అక్కడే పొదిగించి, వేటాడటం వచ్చేదాకా పెంచారు. మన దేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో కొన్ని సొరలున్నాయి. ఆ చట్టాన్ని 2022లో సవరించారు కూడా. కనక ఏ సొరనైనా కొనేముందు అటవీశాఖవారిని అడగటం మంచిది.

చివరగా గుడ్డు సంగతి. కోడిగుడ్డులా ఉండదిది. తోలుసంచీలా గోధుమరంగులో, అరచేతిలో పట్టేటంత ఉంటుంది. వెనకనుంచి టార్చి వేస్తే లోపల పచ్చసొన, దాని మీద కదులుతున్న పిల్ల నీడ కనిపిస్తాయి. బయటికి రావటానికి నాలుగు నెలలకు అటూ ఇటూ పడుతుంది. కొన్నాళ్ళయ్యాక సంచీ అంచుల్లో సన్నటి చీలికలు ఏర్పడి సముద్రపు నీరు లోపలికి వస్తుంది. అప్పుడు పిల్ల వాసన, దాని విద్యుత్తు బయటికి పొక్కి శత్రువులకు తెలిసిపోవచ్చు. పారిపోదామంటే దారి లేదు. మరేం చేస్తుంది? ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన ప్రయోగంలో శత్రువు విద్యుత్తులాంటిది గుడ్డు దగ్గర పుట్టించగానే పిల్ల మొప్పలాడించటం ఆపి, తోక చుట్టుకుని, కదలకుండా ఉండిపోయింది. పుట్టకముందే ఊపిరి బిగపట్టటం నేర్చిందన్నమాట!

ఒంటరిగా ఉన్న ఆడసొర కూడా తొట్టిలో గుడ్లు పెడుతుంది. వాటిలో చాలావరకు వట్టివే. అలాగని వెంటనే పారేయకూడదు. అమెరికాలో ఒక అక్వేరియంలోని చారల వెదురు సొర 45 నెలలుగా మగచేప జత లేకుండా ఉండి కూడా పిల్లను కన్నదని 2015లో ప్రకటించారు. అంతకాలమూ అది మగచేప వీర్యాన్ని ఒంట్లో దాచుకుందట. అందుకని తెలిసినవాళ్ళు నెల రోజులు ఆగి, గుడ్డు వెనక టార్చి వేసి చూస్తారు. లోపల దారంలాంటిది ఏదైనా మెలికలు తిరుగుతూ కనిపిస్తే ఇంకో ప్లైవుడ్ షీటంత చోటు వెతుక్కోవలసిందే.