సర్వర్ మారింది, డబ్బా మనదే

2009 ఆగస్టులో వోనేజ్ కంపెనీ నెలకు 24.99 డాలర్లకే ఇండియాతో సహా 60కి పైగా దేశాలకు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని ప్రకటించింది. అమెరికాలోని తెలుగువాళ్లు చాలామంది అప్పుడే ఇంటర్నెట్ ఫోను డబ్బాను ఇంట్లో పెట్టుకున్నారు. ఆ డబ్బా కంపెనీది. లోపల ఏముందో మనం చూడక్కర్లేదు, చూద్దామన్నా దానికి తాళం. లెక్క చూసుకునేవాళ్లు మాత్రం ఇంకో దారి పట్టారు: అలాంటి డబ్బాను, అంటే అడాప్టర్‌ను, తామే కొనుక్కోవడం, మాట్లాడిన నిమిషాలకే డబ్బు తీసుకునే కంపెనీలో ఖాతా తెరవడం, సర్వర్ పేరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తామే ఎక్కించుకోవడం. ఖర్చు తగ్గింది, పని పెరిగింది. అయితే ఆ పని రోజూ ఉండేది కాదు గనుక పెరిగిందన్న సంగతే గుర్తుండదు. ఎప్పుడో ఒకరోజు కంపెనీ నుంచి మెయిలు వస్తుంది: ఫలానా తేదీ నుంచి మా సర్వర్లు మారుతున్నాయి, సొంత పరికరం వాడేవారు సెట్టింగులు మార్చుకోవాలి అని.

అప్పుడు మొదలవుతాయి ఫోన్లు, వాట్సాప్ సలహాలు. వాటిలో కొన్ని ఉత్త అపోహలు, కొన్ని సగం నిజాలు. ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఆ సగం నిజాలే.

అపోహ: సర్వర్ మారితే నంబరు పోతుంది

పోదు. ఇంటర్నెట్ ఫోన్లలో ఎక్కువ భాగం సిప్ అనే పద్ధతి మీద నడుస్తాయి. దాని ప్రామాణిక పత్రం 2002 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3261. ఈ పద్ధతిలో మీ అడాప్టర్ కొన్ని నిమిషాలకో, గంటకో ఒకసారి సర్వర్‌ను పలకరించి, ‘ఫలానా యూజర్ని, ఇప్పుడు ఈ ఐపీ చిరునామాలో ఉన్నాను’ అని చెప్పుకుంటుంది. దాన్నే రిజిస్ట్రేషన్ అంటారు. గడువులోగా మళ్లీ చెప్పకపోతే సర్వర్ ఆ వివరాన్ని కొట్టేస్తుంది. నంబరు ఉండేది మాత్రం కంపెనీ దగ్గర మీ ఖాతాలో. సర్వర్ మారినప్పుడు తెగేది ఆ రిజిస్ట్రేషన్ ఒక్కటే. కొత్త సర్వర్‌కు డబ్బా మళ్లీ చెప్పుకుంటే అతుక్కుంటుంది.

నంబరు నిజంగా పోగొట్టుకునే దారి వేరే ఉంది. ఫోను మోగడం లేదన్న కోపంలో ఖాతా రద్దు చేసేసి, ఆ తర్వాత వేరే కంపెనీకి నంబరు మార్పించుకుందామని బయల్దేరడం. ఆ మార్పు (పోర్టింగ్) పూర్తయ్యేదాకా పాత ఖాతా బతికి ఉండాలి.

అపోహ: డబ్బు కడుతున్నాం, కంపెనీయే చూసుకుంటుంది

కంపెనీ ఇచ్చిన డబ్బా అయితే చూసుకుంటుంది. ఆ డబ్బా ఆన్ అయినప్పుడు, తర్వాత కూడా మధ్యమధ్యన, కంపెనీ దగ్గరున్న సెట్టింగుల ఫైలు తెచ్చుకుని చదువుకుంటుంది. అక్కడ ఒక్కచోట సర్వర్ పేరు దిద్దితే వేల ఇళ్లలో మారిపోతుంది. మీరు కొన్న డబ్బా ఎవరినీ అడగదు, మీరు రాసిందే దానికి తెలుసు. దానిలోకి కంపెనీకి తలుపు లేదు. పాత టెలిఫోన్ రోజుల్లో లైను పాడైతే స్తంభమెక్కడానికి లైన్‌మన్ వచ్చేవాడు. సొంత డబ్బా ఉన్న ఇంట్లో ఆ లైన్‌మన్ ఇంటాయనో, ఇంటావిడో.

ఇదేమీ చెడ్డ బేరం కాదు. 2007 జూలైలో సన్‌రాకెట్ అనే అమెరికా ఇంటర్నెట్ ఫోను కంపెనీ ఉన్నట్టుండి తలుపులు మూసేసినప్పుడు దానికి రెండు లక్షలకు పైగా వినియోగదారులు. వాళ్ల ఇళ్లలో ఉన్నవి కంపెనీ తాళం వేసిన డబ్బాలు. సర్వర్ పోగానే అవి బల్ల మీద బరువులయ్యాయి. సొంత అడాప్టర్ ఉన్నవాడైతే మరో కంపెనీ సర్వర్ పేరు ఎక్కించుకుని ముందుకు పోతాడు. ఆ స్వేచ్ఛ కావాలంటే ఈ చాకిరీ కూడా మనదే.

మన ఊళ్లలోనూ ఈ సంగతి పనికొస్తుంది. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ కనెక్షన్‌లో మోడెమ్ వెనక జాక్‌కు తగిలించిన ల్యాండ్‌లైన్ కూడా సిప్ మీదే నడుస్తుంది. మోడెమ్ మీరే కొని మార్చారంటే ఇంటర్నెట్ వచ్చినంత మాత్రాన ఫోను రాదు. వాయిస్ సెట్టింగులు వేరే ఎక్కించాలి.

అపోహ: ఆపి మళ్లీ ఆన్ చేస్తే అదే సర్దుకుంటుంది

ఇది సగం నిజం. ఏ సగమో తెలియాలంటే అడాప్టర్ సెట్టింగుల్లో సర్వర్ అని రాసిన గడిలో ఏముందో చూడాలి. అక్కడ పేరు ఉండి, కంపెనీ ఆ పేరును అలాగే ఉంచి వెనకాల యంత్రాన్ని మాత్రం మార్చిందనుకోండి. పేరును ఐపీ అంకెలుగా మార్చి చెప్పేది డీఎన్‌ఎస్ వ్యవస్థ. అది ఇచ్చిన జవాబు ఇంతసేపే చెల్లుతుందని ఒక గడువు ఉంటుంది. మంచి అడాప్టర్ గడువు తీరాక మళ్లీ అడుగుతుంది. కొన్ని పాతవి మాత్రం ఆన్ అయినప్పుడు ఒక్కసారి అడిగి, ఆ అంకెలనే నెలల తరబడి పట్టుకుని కూర్చుంటాయి. అలాంటిదానికి ఆపి ఆన్ చేయడమే మందు.

పేరే మారిపోయి ఉంటే మాత్రం వందసార్లు ఆపినా లాభం లేదు. పేరు బదులు నేరుగా ఐపీ అంకెలు రాసి ఉంటే అసలే లేదు. అంకెలెవరు రాస్తారని అడగొచ్చు. 2021 సెప్టెంబరులో కెనడాకు చెందిన వాయిప్ డాట్ ఎంఎస్ మీద పెద్ద దాడి జరిగింది. సొంత పరికరాలవాళ్లు ఇష్టపడే కంపెనీల్లో అదొకటి. డబ్బులిస్తేనే ఆపుతామంటూ దుండగులు దాని వెబ్‌సైటు, డీఎన్‌ఎస్, ఫోను సర్వర్ల మీదికి దొంగ ట్రాఫిక్‌ను వరదలా వదిలారు. మొదట ఒక బిట్‌కాయిన్ అడిగి తర్వాత 100కు పెంచారు. వారానికి పైగా సేవలు తడబడ్డాయి. వెబ్‌సైటు తెరుచుకోవడానికి కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైలులో ఐపీ అంకెలు చేత్తో రాసుకోమని కంపెనీయే సూచించాల్సి వచ్చింది. అలాంటి గండం గట్టెక్కడానికి అడాప్టర్‌లో రాసిన అంకెలను గండం గడిచాక తీసేయాలి. తీసేయకపోతే ఎప్పుడో సర్వర్ మారిన రోజున అవే అడ్డం పడతాయి, అప్పటికి అవి రాసిన సంగతే ఎవరికీ గుర్తుండదు.

కంపెనీ ఎస్‌ఆర్‌వీ అనే రకం డీఎన్‌ఎస్ రికార్డు ఇస్తుంటే, అడాప్టర్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేసి ఉంటే, ఏ సర్వర్‌కు వెళ్లాలో డబ్బా తనే కనుక్కుంటుంది. చాలా డబ్బాల్లో ఆ ఆప్షన్‌ను మనమే ఆన్ చేయాలి.

అపోహ: డయల్ టోన్ వస్తోంది, బయటికి కాల్ వెళ్తోంది, ఇక బాగున్నట్టే

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇది. ఇందులో తప్పు జరిగినట్టు తెలియనే తెలియదు.

ముందు డయల్ టోన్ సంగతి. పాత ల్యాండ్‌లైన్‌లో ఆ మోత ఎక్స్ఛేంజి నుంచి వచ్చేది గనుక అది వినపడితే లైను బతికున్నట్టే. అడాప్టర్‌లో ఆ మోత పుట్టేది డబ్బాలోనే. సర్వర్‌తో మాట కలవకపోయినా టోన్ ఇచ్చే డబ్బాలు, అలా ఇచ్చే సెట్టింగులు ఉన్నాయి.

ఇక బయటికి వెళ్లే కాల్. మీరు నంబరు కొట్టిన ప్రతిసారీ సర్వర్ మీ పాస్‌వర్డ్‌ను అప్పటికప్పుడు సరిచూసుకుంటుంది. అందుకని పాత సర్వర్‌ను కంపెనీ ఇంకా ఆపకుండా ఉంచినన్నాళ్లూ, మార్పు తేదీ దాటాక కూడా, మీ కాల్ దాని గుండా హాయిగా వెళ్లిపోవచ్చు. లోపలికి వచ్చే కాల్ కథ వేరు. గుంటూరు నుంచి అమ్మ చేస్తే ఆ కాల్ ముందు కంపెనీకి చేరుతుంది. కంపెనీ ఆ నంబరును ఏ సర్వర్‌కు కట్టిందో అక్కడికి పంపుతుంది. ఆ సర్వర్ తన దగ్గర రిజిస్టర్ అయిన డబ్బా ఉందా అని చూసుకుంటుంది. మీ డబ్బా పాత సర్వర్ దగ్గర కూర్చుని ఉంటే కొత్త సర్వర్‌కు మీరు ఇంట్లో లేనట్టే. కాల్ వాయిస్‌మెయిల్‌కు పోతుంది, లేదా అందుబాటులో లేరన్న మాట వినపడుతుంది. మీ ఫోను మోగదు. మీరు మాత్రం రోజూ పిజ్జా దుకాణానికి ఫోను చేసి మా లైను భేషుగ్గా ఉందనుకుంటూ ఉంటారు.

వాయిప్ డాట్ ఎంఎస్ లాంటి చోట్ల నంబరు ఏ ఊరి సర్వర్ మీద ఉండాలో ఖాతాలో మనమే ఎంచుకుంటాం, డబ్బా కూడా అదే సర్వర్‌కు రిజిస్టర్ కావాలి. రెండు చోట్లా మార్చాలన్నమాట. ఒకచోటే మార్చినవాళ్లకు పైన చెప్పిన వింత అనుభవమవుతుంది. కాబట్టి అసలు పరీక్ష బయటికి కాల్ చేయడం కాదు. సెల్‌ఫోను నుంచి ఇంటి నంబరుకు చేసి చూడాలి. కంపెనీ వెబ్‌సైటులో ఖాతా తెరిచి, రిజిస్టర్డ్ అని ఉందా, ఏ సర్వర్ పేరు పక్కన ఉందో కూడా చూడాలి. అడాప్టర్ పేజీలో ఆకుపచ్చ లైటు ఒక్కటే చూసి మురిసిపోకూడదు, అది పాత సర్వర్‌తో కుదిరిన స్నేహానికి కూడా వెలుగుతుంది.

కాల్ కలిసి ఒకవైపే మాట వినపడుతుంటే అనుమానం రౌటర్ మీదికి పోవాలి. కాల్ కలిపే సందేశాలు ఒక దారిన, మాట ఇంకో దారిన వస్తాయి. పాత సర్వర్ ఐపీ నుంచి వచ్చేదాన్నే లోపలికి రానివ్వమని ఫైర్‌వాల్‌లో రాసుకున్న జాగ్రత్తపరులకు ఇది తరచు తగులుతుంది. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే ఫీచర్ ఆన్‌లో ఉంటే దాన్ని ఆపి చూడండి. పేరుకు అది సాయం చేయడానికే పుట్టింది, చేసేది ఎక్కువగా చెడగొట్టడమే.

అపోహ: ఏదీ కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ ఉందిగా

కంపెనీ డబ్బాకైతే రీసెట్ చేశాక సెట్టింగులన్నీ మళ్లీ వచ్చి పడతాయి. మీ డబ్బాకు వచ్చేదేమీ ఉండదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, మాటను అంకెలుగా మార్చే కోడెక్‌ల వరస, అన్నిటికీ మించి డయల్ ప్లాన్, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎప్పుడో ఎవరో స్నేహితుడు వచ్చి, రెండంకెలు నొక్కితే 011 91 తో మొదలై నేరుగా ఊళ్లో నాన్నగారికి కలిసేలా రాసిపెట్టిన గీతలు అవి. వాటిని మళ్లీ రాయగలిగిన స్నేహితుడు ఈపాటికి ఏ సియాటిల్‌కో మారిపోయి ఉంటాడు. మార్చాల్సింది ఒక్క గడి. దాన్ని ముట్టుకునే ముందు సెట్టింగులను ఫైలుగా దాచుకునే సౌకర్యం ఉంటే దాచుకోండి, లేకపోతే పేజీలను ఫోనుతో ఫోటోలు తీసుకోండి.

అపోహ: డబ్బా పాతబడింది, కొత్తది కొనాల్సిందే

చాలాసార్లు అక్కర్లేదు. కొన్నిసార్లు మాత్రం నిజమే. 2018 మధ్యలో గూగుల్ వాళ్ల ఇంటర్నెట్ ఫోను సేవ గూగుల్ వాయిస్ ఎక్స్‌ఎంపీపీ అనే పాత పద్ధతిని వదిలి సిప్‌కు మారింది. దానితో నడిచే ఓబీహై కంపెనీ 200 శ్రేణి అడాప్టర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ అందింది. అంతకుముందే మద్దతు ఆపేసిన ఓబీ 100, 110 లకు అందలేదు. డబ్బాలో ఒక్క తీగ కూడా చెడలేదు, గూగుల్ వాయిస్‌కు మాత్రం పనికిరాకుండా పోయింది. వాటిని పారేసినవాళ్లు తొందరపడ్డారనే అంటాను, మామూలు సిప్ కంపెనీలతో అవి ఇంకా పనిచేసేవి.

రెండో కారణం ఎన్‌క్రిప్షన్. కొత్త సర్వర్ టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి తప్పనిసరి అంటే, దాని సర్టిఫికెట్‌ను నమ్మడానికి కావాల్సిన మూల సర్టిఫికెట్ అడాప్టర్‌లో ఉండాలి. అప్‌డేట్ల్లేని పాత డబ్బాలో అది ఉండదు. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు ఫోన్లేమిటి, ఎన్నో రకాల పాత పరికరాలు ఇబ్బంది పడ్డాయి. కొనే ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. ఎన్‌క్రిప్షన్ లేని మామూలు యూడీపీ 5060 పోర్టుతో ఇంకా అనుమతిస్తున్నారేమో కూడా కంపెనీని అడగండి.

మొదట చెప్పుకున్న ఆ మెయిలు సంగతి కూడా ఒకటి ఉంది. సర్వర్ మార్పు పేరు చెప్పి పాస్‌వర్డ్ అడిగే దొంగ మెయిళ్లు ఉంటాయి, వాటికి చిక్కితే మీ ఖాతా మీద ఖరీదైన విదేశీ కాల్స్ నడుస్తాయి. లింకు నొక్కకుండా కంపెనీ సైటుకు మీరే వెళ్లి చూసుకోండి.

అపోహ: 911 కి దీనితో సంబంధం లేదు

ఉంది. డబ్బా కొత్త సర్వర్‌కు మారకముందే పాతది ఆగిపోతే అమెరికా అత్యవసర నంబరైన 911 కి కాల్ కూడా వెళ్లదు. ఊళ్లోవాళ్ల కాల్ రేపు తీసుకోవచ్చు, ఇది అలా కాదు. టెలిఫోన్ నెట్‌వర్క్‌తో కలిసే ఇంటర్నెట్ ఫోను కంపెనీలు 911 సేవ ఇచ్చి తీరాలని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2005లో ఆదేశించింది. ఆ కాల్ ఎక్కడికి పోవాలన్నది మీరు నమోదు చేసిన చిరునామాను బట్టే తేలుతుంది. సర్వర్ డల్లాస్‌లో ఉందా, న్యూయార్క్‌లో ఉందా అన్నదాన్ని బట్టి కాదు. దగ్గరి సర్వర్‌కు మార్చుకున్నాం గనుక చిరునామా కూడా మారి ఉంటుందనుకునేవాళ్లున్నారు. మారదు. ఇల్లు మారితే మీరే మార్చాలి. సూట్‌కేసులో పెట్టి విజయవాడ తెచ్చుకున్న డబ్బాలో 911 నొక్కితే కాల్ టెక్సాస్‌లోని పాత ఇంటి లెక్కనే పోతుంది, ఇక్కడ సెల్‌ఫోనులో 112 కొట్టాలి.

సెట్టింగులు మార్చినరోజే ఖాతాలో ఆ చిరునామా చూసుకోండి. ఊరికే 911 కొట్టి పరీక్షించకండి, అవతల మనుషులున్నారు. కొన్ని కంపెనీల్లో 933 కొడితే మీ పేరు మీద నమోదైన చిరునామాను చదివి వినిపిస్తుంది.