వార్తల్లో పదం: హరిత చర్మశుద్ధి

పచ్చితోలు కుళ్లకుండా, నీటికి చెడకుండా చేసే పనే చర్మశుద్ధి. నేడు ప్రపంచంలో అత్యధిక తోళ్లను క్రోమియం లవణాలతోనే శుద్ధి చేస్తున్నారు. పాత పద్ధతిలో ఆ క్రోమియంలో సుమారు మూడో వంతు తోలుకు పట్టక మురుగునీటిలో కలుస్తుంది. ఈ నష్టాన్ని తగ్గించే విధానాలే హరిత చర్మశుద్ధి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో ఈ విద్య కొత్తది కాదు. మాదిగలు తంగేడు చెక్కతో లందల్లో తోళ్లను ఊరబెట్టేవారు. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఆ తంగేడుదే. మరి పాత లందకే తిరిగి వెళ్దామా? అక్కడ ఆగి ఆలోచించాలి. చెక్క కోసం కొమ్మలు నరికితే అడవి తంగేడు తరుగుతుంది, పనికి వారాలు పడతాయి, ఆ మురుగూ నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది.

అందుకే అసలు ప్రశ్న చెక్కా, క్రోమియమా అన్నది కాదు. నీటిలోకి ఏం వదులుతున్నామన్నది. ఫ్లోరైడ్‌తో దశాబ్దాలుగా జనం ఎముకలు వంచిన నల్లగొండ భూగర్భ జలం మరో విషాన్ని మోయలేదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ నీరు కలపకుండానే క్రోమియం పట్టించే పద్ధతిని రూపొందించింది. చిన్నస్థాయి తోలు కార్మికులకు ఇలాంటి పద్ధతుల ఖర్చు భారమన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ తమిళనాడులో చర్మశుద్ధి కర్మాగారాల వల్ల జరిగిన పాలారు నది కాలుష్యంపై 1996లో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలంది. ఆ భారం కార్మికుల నెత్తిన పడకుండా ఉమ్మడి శుద్ధి కేంద్రాలు, సాగుచేసిన తంగేడు తోటలు ప్రభుత్వమే కల్పించాలి.